ప్లాస్టిక్ గ్లాసు తెచ్చిన సమానత్వం

మన సమాజంలో హెచ్చుతగ్గులు పోయాయండీ. పోగొట్టింది విప్లవం కాదు, చట్టమూ కాదు. యూజ్ అండ్ త్రో ప్లాస్టిక్ గ్లాసు!

నవ్వకండి, దీని వెనక బోలెడు శాస్త్రం ఉంది. మా ఊరు కోడూరులో మల్లికార్జునరావు గారమ్మాయి నవ్యశ్రీ గ్రూప్స్ పరీక్షకి సోషియాలజీ తీసుకుంది. బందరు కాలేజీలో లెక్చరరు దైవాధీనం మాస్టారు ఆదివారాలు బస్సులో వచ్చి పాఠం చెప్పేవారు. పేపరు చదివే మిషతో నేనూ ఆ వరండాలోనే ఉండేవాణ్ణి. కాఫీ కోసమని గిట్టనివాళ్లంటారు.

భూమి ఎవరిదైతే పెత్తనం వాళ్లదని ఒక సిద్ధాంతమట. దివిసీమ చూడకుండా రాసినట్టుంది! భూమిని రొయ్యల చెరువు చేశాం, చెరువుకి తెగులొచ్చింది, పెత్తనం మేత కంపెనీ వాడికి పోయింది. అసమానత ఉంటేనే ప్రతిభావంతులు కష్టపడి పైకొస్తారని ఇంకోటి. దానికి మల్లికార్జునరావు గారు "బాగా సెలవిచ్చారండీ" అని తలూపారు. పైకి రావడానికి ఆయన పడ్డ కష్టమల్లా వాళ్ల నాన్నగారికి ఒక్కగానొక్క కొడుకుగా పుట్టడం.

మూడోది వినగానే నాకు ఒళ్లు మండింది. డబ్బు వేరు, పరువు వేరట. చదువూ జీతమూ ఉన్నా గౌరవం దక్కకపోవచ్చట. ఎందుకు దక్కదండీ? మాస్టారి నాన్న ఇదే ఇంటి పొలంలో పాలేరు. ఆయన గ్లాసు పెరటి గోడ మీద ఉండేది, తాగి ఆయనే కడిగి పెట్టుకోవాలి. మరి కొడుక్కో? వరండాలో కుర్చీ! నవ్యశ్రీ వాళ్లమ్మ మాణిక్యమ్మ గారు వారం వారం కొత్త ప్లాస్టిక్ గ్లాసులో కాఫీ ఇస్తారు. మాకు మాత్రం ఇంటిల్లిపాదీ తాగిన స్టీలు గ్లాసులే. గౌరవం ఎవరికి ఎక్కువో మీరే చెప్పండి.

కాకపోతే వేడికి ఆ గ్లాసు మెత్తబడి వంగిపోయేది. మాస్టారు అంచు పట్టుకుని, చెయ్యి మార్చుకుంటూ తాగేవారు.

పరువు పాఠం చెప్పిన రోజే నవ్యశ్రీ తన స్టీలు గ్లాసు ఆయన ముందు పెట్టి, ప్లాస్టిక్‌ది తను తీసుకుంది.

"పర్లేదమ్మా, నాకిది అలవాటే" అన్నారు మాస్టారు.

"మాక్కూడా అలవాటవ్వాలి కదండీ సార్" అంది ఆ పిల్ల.

మాణిక్యమ్మ గారు గుమ్మంలో నిలబడిపోయారు. మాస్టారు ఆ గ్లాసుని కాసేపు చూసి, నెమ్మదిగా, చివరి చుక్క దాకా తాగారు. ఆ ఇంట్లో ఆయన చెయ్యి మార్చుకోకుండా కాఫీ తాగడం నేను చూసింది ఆరోజే.

ఆయన బస్సెక్కారో లేదో, మాణిక్యమ్మ గారు ఆ స్టీలు గ్లాసుని పట్టకారుతో పట్టుకెళ్లి పెరటి గోడ మీద పెట్టారు. మర్నాడు పాతసామాన్ల బండికి వేసేశారు. పాపం, దాని మీద మల్లికార్జునరావు గారి నాన్నగారి పేరు ఇంటిపేరుతో సహా చెక్కి ఉంది. అది ఇప్పుడు ఏ బజార్లో దొర్లుతోందో!

అందుకే మొత్తుకుంటున్నాను, ప్లాస్టిక్ గ్లాసే మేలని. దాని మీద ఎవరి పేరూ ఉండదు. పారేసినా ఏ ఇంటి పరువూ పోదు.