పక్క సీటు మాస్టారు

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నర బస్సెక్కాలి, కొండ మీది లైట్‌హౌస్ చూడాలి, ఒంటిగంటకల్లా లాడ్జికొచ్చి భోంచేసి పడుకోవాలి. సెలవుల్లో అది మూడో రోజు. పథకం వేసింది భార్య. పాడుచేసింది భర్త.

ఆ భర్తని వాళ్ళూళ్ళో అందరూ బ్రేకు మాస్టారంటారు. ఆయన బళ్ళో ఎక్కాలు చెప్పే మాస్టారు కాదు, కారు నడపడం నేర్పే మాస్టారు. సొంత డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాడి పక్క సీట్లో కూర్చుని, తన కాలికింద అదనంగా బిగించిన బ్రేకు మీద కుడిపాదం ఆనించి, "క్లచ్చి... క్లచ్చి... ఒరేయ్ క్లచ్చి!" అని అరవడం పాతికేళ్ళుగా ఆయన వృత్తి. స్కూలు బోర్డు మీద ఎర్రరంగుతో "ఇక్కడ నేర్చుకున్నవారెవరూ ఇంతవరకూ ఫెయిల్ కాలేదు" అని రాయించాడు. నిజమే, ఎవరూ కాలేదు.

అయితే ఆ పాతికేళ్ళలో ఒక సంగతి చడీచప్పుడూ లేకుండా జరిగిపోయింది. కూరగాయలకి వెళ్ళాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా, పాఠం పేరు చెప్పి ఎవడో ఒక శిష్యుడి చేత నడిపించేవాడు. అలా ఆయన చేత్తో ఏ బండీ నడిపి పద్దెనిమిదేళ్ళయింది. ఈ సంగతి ఎవరూ గమనించలేదు, ఆయనతో సహా.

మొదటి రెండు రోజులూ బస్సులో డ్రైవరు వెనక సీటు పట్టుకుని, "గేరు మార్చు... అద్దం చూడు... ఏం తొందర?" అని ఆ డ్రైవరుకి ఉచితంగా విద్యాదానం చేశాడు. రెండోరోజు సాయంత్రం దిగేటప్పుడు డ్రైవరు రెండు చేతులూ జోడించాడు. "సార్, రేపు మీరు ఎక్కకపోతే నాకో బీపీ మాత్ర మిగులుద్ది."

మాస్టారి పౌరుషానికి ఆ మాట అగ్గిపుల్ల. "ఆ బస్సు నేనిక ఎక్కను. మోపెడ్ అద్దెకి తీసుకుందాం" అన్నాడు పొద్దున్నే.

"మీరా? నడపడానికా?" అంది భార్య.

"మరి నువ్వు నడుపుతావా? నీ నరాలకి బండి సరిపడదని ఎన్నిసార్లు చెప్పాను!"

భార్య వాళ్ళమ్మ కూడా సెలవులకి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. చేతిలో గొడుగు, చంకలో సంచి. ఒకప్పుడు పదిహేడు పల్లెలకి ఒక్కతే నర్సు, ఆ పదిహేడూళ్ళ పిల్లలకీ టీకాలు పొడిచిన చెయ్యి. అల్లుడు పాతికేళ్ళుగా ట్రాఫిక్కు గురించి మాట్లాడుతూనే ఉండటం వల్ల, ఆవిడ తన గురించి చెప్పుకునే అవకాశం ఇంకా రాలేదు.

అద్దె బళ్ళ షాపు లాడ్జి వెనక సందులోనే ఉంది. నోట్లో అగ్గిపుల్ల నములుతూ బక్కపల్చని షాపాయన ఒక నీలం మోపెడ్ బయటికి తీశాడు. మాస్టారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టైర్లు నొక్కాడు, అద్దం తుడిచాడు, వంగి చెవి ఆనించి ఇంజను విన్నాడు.

"సార్, ఇది మోపెడ్. మరీ అంత చూస్తే సిగ్గుపడుద్ది" అన్నాడు షాపాయన. "నడపడం వచ్చా?"

"నేనెవర్నో తెలుసా?"

"తెలీదు గాబట్టే అడిగా. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, దీనికి బ్రేకులు రెండూ..."

"నాకు! బ్రేకు గురించి! నాకు!" అని మాస్టారు చెయ్యెత్తాడు. ఆ ఒక్క వాక్యం పూర్తవనిచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. షాపాయన భుజాలెగరేసి, మందు డోసులా చిన్న సీసాతో పెట్రోలు కొలిచి పోశాడు. తిరిగొచ్చిన బండిలో పెట్రోలు మిగిలితే ఆయనకి నిద్రపట్టదు.

మాస్టారి తలకి పట్టిన హెల్మెట్ ఒక్కటే దొరికింది. అది గులాబీ రంగుది, దాని మీద కుందేలు బొమ్మ ఉంది.

అత్తగారు బండి హ్యాండిల్‌ని రెండు వేళ్ళతో అటూ ఇటూ ఆడించి చూసింది. "అల్లుడుగారూ, ఇది ఎడమకి లాగుతోంది. కాస్త చూసుకోండి."

మాస్టారు నవ్వాడు. కుందేలు కూడా నవ్వినట్టే కనిపించింది. "అత్తయ్యగారూ, సూదుల సంగతి మీరు చూసుకోండి, బళ్ళ సంగతి నాకు వదిలేయండి. ఇద్దరికే చోటు, మీరు బస్సులో వచ్చేయండి."

"అలాగే బాబూ" అని ఆవిడ బస్టాపుకి నడిచింది.

బండి కదిలింది. వెనక కూర్చున్న భార్య ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో మొగుడి బెల్టూ పట్టుకుంది. మొదటి వంద గజాలూ బాగానే వెళ్ళారు. సందు చివర మలుపు వచ్చింది.

"స్లో చెయ్యి" అన్నాడు మాస్టారు.

బండి స్లో కాలేదు.

"స్లో చెయ్యమంటున్నానా? వినబడటం లేదా? బ్రేకు తొక్కు!"

"ఎవరితో చెబుతున్నారండీ?" అంది భార్య.

అప్పుడు మాస్టారికి తట్టింది, నడుపుతున్నది తనేనని. వెంటనే పాతికేళ్ళ అలవాటుకొద్దీ కుడికాలెత్తి బలంగా తొక్కాడు. మోపెడ్‌కి అక్కడ ఉన్నది ఒట్టి రేకు. బ్రేకులు రెండూ చేతులకింద ఉన్నాయి. కాలు తొక్కిన కొద్దీ భయం పెరిగింది, భయం పెరిగిన కొద్దీ పిడికిలి బిగిసింది, ఆ పిడికిట్లోనే యాక్సిలేటర్ ఉంది. అంటే ఆయన బ్రేకు వేసినప్పుడల్లా బండి జోరందుకుంది.

మలుపులో వాళ్ళ లాడ్జి పెరడు. తీగల మీద ఆరేసిన దుప్పట్ల మధ్యలోంచి బండి దూసుకుపోయింది. అటునుంచి బయటపడేసరికి ఒక తెల్లదుప్పటి భార్య భుజాల మీదికి చేరి, వెనక బారెడు పొడుగున రెపరెపలాడుతోంది. "దుప్పటీ! మా దుప్పటీ!" అని లాడ్జి మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని వెంటపడ్డాడు.

"ఆపండీ!"

"ఆపుతూనే ఉన్నా! కాలు పోయేలా ఉంది!"

సరిగ్గా ఆ రోజే ఆ ఊళ్ళో సైకిల్ పందెం. పందెగాళ్ళకి దారి చూపించడానికి ముందొక మోపెడ్ వెళ్ళాలి, దానికొక తెల్లజెండా ఉండాలి, జెండా ఎటుపోతే అందరూ అటుపోవాలి. అదీ ఏర్పాటు. జెండా బండి మనిషి అప్పుడే పక్కనున్న గోడ చాటుకి వెళ్ళాడు. ఏ పనిమీద వెళ్ళాడో మీరూ నేనూ చెప్పుకోనక్కర్లేదు. విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడ్డ పందెం పెద్దాయనకి, ఎదురుగా తెల్లగా ఎగురుతూ ఒక మోపెడ్ వెళ్ళడం కనిపించింది. ఇంకేం, ఊదేశాడు.

నలభైమూడు సైకిళ్ళు ఒక్కసారిగా మాస్టారి వెనక పడ్డాయి.

"మనల్ని తరుముతున్నారండీ!" అంది భార్య. "ఒకళ్ళు కాదు, ఊరంతా! దుప్పటి కోసమే!"

"ఇచ్చెయ్! విసిరెయ్!"

"మెడకి చుట్టుకుపోయింది! ఇదిగో బాబూ, వెనక్కి వెళ్ళండి, వెళ్ళండి!" అని ఆవిడ చెయ్యి ఊపింది. వెనక ఉన్నవాళ్ళకి అది "రండి, రండి" అన్నట్టుంది. ఇంకా వేగంగా తొక్కారు. దారికిరుపక్కలా జనం చప్పట్లు కొట్టారు. ఒక పెద్దమనిషైతే మాస్టారి ముఖాన చెంబెడు నీళ్ళు కొట్టాడు, అలసట తీరుతుందని.

నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. కుడికి తిరిగితే కొండ. "కుడికి! కుడికి తిప్పు!" అని మాస్టారు ఎప్పట్లాగే ఆజ్ఞాపించాడు. హ్యాండిల్ ఎడమకి లాగింది. హ్యాండిలే గెలిచింది. ఎడమ రోడ్డు చివర ఒక పెద్ద గేటు, గేటు లోపల సున్నంతో గీతలు గీసిన మైదానం. లైసెన్సు పరీక్షలు పెట్టే ట్రాఫిక్ పోలీసు మైదానం అది.

బండి తిన్నగా అందులోకి వెళ్ళి, ఎడమ వాటం కొద్దీ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. దాని వెనక నలభైమూడు సైకిళ్ళూ గుండ్రంగా తిరిగాయి. వాటి వెనక లాడ్జి మనిషి. పరీక్షకొచ్చిన జనం చెట్లెక్కారు. నాలుగో చుట్టులో ముందున్న పందెగాడు పక్కకొచ్చి, వగరుస్తూ వినయంగా అడిగాడు. "సార్, ఇంకెన్ని రౌండ్లు?"

"నాకేం తెలుసు! బండినడుగు!" అన్నాడు మాస్టారు.

వాళ్ళ ప్రాణాలు కాపాడింది దేవుడు కాదు, షాపాయన పిసినారితనం. డోసు లెక్కన పోసిన పెట్రోలు ఆరో చుట్టులో అయిపోయింది. బండి రెండుసార్లు దగ్గి, నిలబడి, మర్యాదగా పక్కకి ఒరిగింది. వెనకొచ్చినవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పేర్చినట్టు పడ్డారు. పదకొండు మోచేతులు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు.

గొడుగు నీడన బల్ల వేసుక్కూర్చున్న ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరమ్మ మెల్లగా లేచి వచ్చింది. గులాబీ హెల్మెట్‌నీ, కుందేలునీ, దుప్పట్లో ఉన్న భార్యనీ వరసగా చూసింది.

"లైసెన్సు."

ఇచ్చాడు.

"ఏం చేస్తుంటారు?"

"ఏదో... చిన్న వ్యాపారం" అన్నాడు మాస్టారు నేల చూస్తూ.

"డ్రైవింగ్ నేర్పుతారండీ" అంది భార్య. దుప్పటి కింద ఆవిడకి దాచుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

"ఎవరికి?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

తర్వాత ఆవిడ నియమం చెప్పింది. అద్దె మోపెడ్లతో సెలవులకొచ్చినవాళ్ళు రోజుకి నలుగురు చొప్పున గోడలకి తగులుకుంటున్నారట. అందుకని, దొరికినవాళ్ళు ఇక్కడ సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద కాలు కింద పెట్టకుండా బండి నడిపి చూపించాలి. నడిపితే లైసెన్సు చేతికిస్తారు. లేకపోతే కవర్లో పెట్టి సీలేసి వాళ్ళూరి లైసెన్సు ఆఫీసుకి పంపిస్తారు.

ఆ ఆఫీసు వాకిట్లో ప్రతి మంగళవారం శిష్యుల్ని వరసగా నిలబెట్టి మీసం దువ్వేది మాస్టారే. ఆ కవరు అక్కడ విప్పారంటే, బోర్డు దించి ఇంట్లో పీటగా వాడుకోవాలి. లైసెన్సు లేనివాడికి స్కూలు ఉండదు, స్కూలు లేకపోతే మాస్టారే ఉండడు.

కానిస్టేబులు కాస్త పెట్రోలు పోశాడు. మొదటిసారి మాస్టారు "ఎడమకి తిప్పు" అని తనకి తనే చెప్పుకుని, ఎవరో తిప్పుతారని ఎదురుచూసి, కాలు పెట్టేశాడు. రెండోసారి చేతికింద బ్రేకు దొరికింది. దొరికిన ఆనందంలో రెండూ ఒకేసారి నొక్కాడు. బండి ఆగింది, కుందేలు ముందుకెళ్ళిపోయింది. మూడోసారి పూర్తిచేశాడు గానీ, వేసింది ఎనిమిది కాదు. పందెగాళ్ళలో కొందరు ఆరన్నారు, కొందరు మూడన్నారు.

ఆ సమయానికి పదిన్నర బస్సు అటే వచ్చింది. పందెం సాగాల్సింది కొండదారినే; పందెగాళ్ళు ఎటుపోయారో తెలియక ఆ దారి మూసేశారట. డ్రైవరు మైదానంలోకి తొంగిచూసి మాస్టార్ని గుర్తుపట్టాడు. వెంటనే బస్సాపి, ఇంజను కట్టేసి, కిటికీలో మోచెయ్యానించి తీరిగ్గా కూర్చున్నాడు. "గేరు మార్చండి సార్! అద్దం చూడండి! ఏం తొందర?" అని కేకేశాడు. రెండు రోజుల అప్పు వడ్డీతో తీర్చుకున్నాడు.

బస్సులోంచి అత్తగారు దిగింది. కూతుర్నీ, దుప్పటినీ, అల్లుణ్ణీ చూసింది. సంచీలోంచి మందుబిళ్ళల అట్టా, పిన్నీసుల గుత్తీ తీసి పక్కన పెట్టి, అడుగునున్న లైసెన్సు ఇన్‌స్పెక్టరమ్మ చేతికిచ్చింది. రెండు జడల అమ్మాయి ఫోటో, ఎప్పటికప్పుడు గడువు పొడిగించుకుంటూ వేయించిన ముద్రలు.

"ఇదేంటి అత్తయ్యగారూ!" అన్నాడు మాస్టారు.

"పదిహేడూళ్ళు తిరిగానుగా బాబూ. నడిచి తిరిగాననుకున్నారా? మోపెడ్ మీదే. కాళ్ళ దగ్గర టీకాల ఐసుపెట్టె, వానొస్తే మోకాలి లోతు బురద."

మాస్టారు భార్యకేసి తిరిగాడు. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడు ఆపారు గనక?" అంది భార్య.

అత్తగారు గొడుగు మోచేతికి తగిలించుకుని బండెక్కింది. హ్యాండిల్ ఎడమకి లాగింది. ఆవిడ కొంచెం కుడికి ఒరిగింది, అంతే. సున్నం గీత చెదరకుండా ఎనిమిది వేసింది. అది చాలదన్నట్టు వచ్చిన దారిన మళ్ళీ అటునుంచి ఇటు ఇంకొకటి వేసి దిగింది. నలభైమూడు మంది చప్పట్లు కొట్టారు. బస్సు డ్రైవరు హారన్ మోగించాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితాలు తిరగేసింది. "ఇంకో వెసులుబాటు ఉంది. లైసెన్సున్నవాళ్ళెవరైనా దగ్గరుండి నేర్పి, ఈ ఫారం మీద సంతకం పెడితే, ఎల్లుండి ఇంకోసారి రావచ్చు. అంతవరకూ కవరు పంపను. మీకు నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారా?"

మాస్టారు వంగి మోపెడ్ టైరు నొక్కి చూశాడు.

"ఉన్నారమ్మా" అంది అత్తగారు.

మర్నాడు పొద్దుటినుంచీ సముద్రపు ఒడ్డు రోడ్డు మీద పాఠాలు. మాస్టారు ముందు, అత్తగారు వెనక. ఆయన కుడికాలు లేచినప్పుడల్లా గొడుగు కొన దాని మీద టక్కున పడేది. "ఆ కాలు ఎక్కడికి బాబూ? అక్కడేం లేదు." మధ్యలో ఆయన మంచినీళ్ళు తాగడానికి దిగితే భార్య బండెక్కింది. ఆవిడ నరాలకి బండి బాగానే సరిపడింది. భోజనాల వేళకి చెయ్యి వదిలి తిప్పడం కూడా నేర్చుకుంది.

మూడోనాడు మాస్టారు వేసింది అచ్చంగా ఎనిమిదే. ఇన్‌స్పెక్టరమ్మ లైసెన్సు తిరిగిచ్చింది. ఫారంలో "శిక్షణ పొందినవారు" అన్నచోట మాస్టారి సంతకం, "శిక్షకులు" అన్నచోట అత్తగారి సంతకం. దుప్పటి ఉతికి లాడ్జికిచ్చేశారు. తిరుగు ప్రయాణంలో అదే డ్రైవరు బస్సు దిగేదాకా మాస్టారు ఒక్క మాటా మాట్లాడలేదు. డ్రైవరుకి బీపీ మాత్ర మిగిలింది.

ఇంటికొచ్చాక స్కూలు ముందు నిలబడి భార్య పైకి చూసింది. "బోర్డు మార్పించాలేమోనండీ?"

"ఎందుకు?" అన్నాడు మాస్టారు గంభీరంగా. "నేను ఇక్కడ నేర్చుకోలేదుగా."