మనసుకు ఒక క్లిప్పు చాలు

చిన్నపిల్లల మనసు తెలుసుకోవడానికి మనిషి ఎందుకండీ? బట్టలారేసే క్లిప్పు ఒకటి చాలు!

నవ్వకండి. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో, మా చెరుకు ఊరి ప్రైమరీ బడి ఈ సంగతి నిరూపించి చూపించింది. నేను తొమ్మిదో క్లాసుతోనే చదువుకు దణ్ణం పెట్టి చక్కెర మిల్లులో చేరినవాణ్ణి. మా రోజుల్లో ఏడిస్తే "ముక్కు తుడుచుకుని పోయి ఆడుకో" అనేవారు. కౌన్సెలింగ్ అంటే అంతే! ఇప్పుడు శాస్త్రం పెరిగింది. తరగతి గుమ్మం పక్కన రంగుల అట్ట, పిల్లకొక పేరు రాసిన క్లిప్పు. పొద్దున్నే వస్తూనే, బాగుంటే ఆకుపచ్చ మీద, బెంగగా ఉంటే పసుపు మీద, దిగులైతే నీలం మీద, కోపమైతే ఎరుపు మీద తగిలించాలి. ఆ తర్వాత లెక్కల పాఠం. ఎంత హాయి! హాజరు పిలవక ముందే మనసు సంగతి తేలిపోయింది.

నీలం పెట్టిన పిల్లల్ని గాలికి వదిలేస్తారనుకున్నారా? అంత రాక్షసులం కాదు! వాళ్ళకు ప్రశాంతత గది ఉంది. మెత్తటి దిండ్లు, గోడ మీద డాల్ఫిన్ల బొమ్మ, లామింగ్టన్ అనే ముసలి కుక్క. విరామంలో అందరూ బయట ఆడుకుంటుంటే, దిగులు పిల్ల ఆ గదిలో కూర్చుని కుక్కను నిమరాలి. ఆ కుక్క ఎదురు చెప్పదు. సలహాలివ్వదు. ఎక్కువసేపు మెలకువగానూ ఉండదు. కష్టం చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి తోడు ఎక్కడ దొరుకుతుంది?

మొదట్లో ఆ గదిలో ఒక మనిషి కూడా ఉండేది లెండి. మిస్ హెస్టర్ అని, వారానికోసారి వచ్చే కౌన్సెలర్. ఆవిడదంతా పాతకాలం పద్ధతి! నేల మీద చతికిలబడి పిల్లలతో పాటు రంగులు పూసేది. ఏమీ అడిగేది కాదు. తీరా పిల్ల లేచి వెళ్ళబోతుంటే, "ఇంతకీ రాత్రి మీ ఇంట్లో వంట ఎవరు చేశారే?" అనేది. పిల్ల మళ్ళీ కూర్చునేది.

పెద్దవాళ్ళనూ పిలిపించేది. మా ఆవిడ నన్నూ, మా అమ్మాయి మార్నీనీ వదిలి వెళ్ళిపోయాక నన్నూ పిలిపించింది.

"వాళ్ళమ్మ ఎందుకు వెళ్ళిపోయిందని మార్నీకి ఏం చెప్పావు గ్లెన్?"

"ఏమీ చెప్పలేదండీ."

"అయితే దానంతటదే ఏదో చెప్పుకుని ఉంటుంది. అదేంటో కనుక్కోవాలి. వచ్చే వారం ఇద్దరూ రండి."

ఆ వచ్చే వారం రానే లేదు. కారణం, క్లిప్పుల ఘనవిజయం!

పిల్లలు మనలాంటి అమాయకులా? నీలం పెడితే ఆట పోతుంది. పైగా మిగతావాళ్ళు "కుక్కల బ్యాచ్! కుక్కల బ్యాచ్!" అంటూ వెనక నుంచి తోకలు ఊపి చూపిస్తారు. దాంతో చూస్తుండగానే బడంతా పచ్చబడింది. వానాకాలంలో మా చెరుకు తోటలు కూడా అంత పచ్చగా ఉండవు! పై ఆఫీసు వాళ్ళు వచ్చి, అట్టలు చూసి మురిసిపోయారు. ఇంత ఆనందంగా ఉన్న పిల్లలకు కౌన్సెలర్ దేనికని, మిస్ హెస్టర్‌ను ఇంకా నీలం మిగిలి ఉన్న మరో బడికి పంపేశారు. మాకు మెచ్చుకోలుగా ఒక ఫలకం ఇచ్చారు. ఆ సంతోషంలో బడి ఆవరణలో సాసేజ్‌లు కాల్చి పంచారు. ఉల్లిపాయలు బాగా వేగాయి. నేనూ తిన్నాను.

మార్నీ లంచ్ డబ్బా మాత్రం పెట్టింది పెట్టినట్టే ఇంటికి వస్తోంది. హెడ్‌మిస్ట్రెస్ రోజెట్టా గాస్పరోటో దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం.

"రోజెట్టా, పిల్ల తిండి తినట్లేదు. నోరు విప్పట్లేదు."

"కంగారు పడకయ్యా గ్లెన్. దాని క్లిప్పు రోజూ పచ్చ మీదే ఉంది. కావాలంటే రా, చూపిస్తా."

"నేను డబ్బా కట్టేది క్లిప్పుకు కాదు గదమ్మా!"

"చిన్నప్పుడూ ఇంతే నువ్వు, అంతా పెడసరం! తల్లిదండ్రులకూ సాయం ఉంది. నీ ఫోన్‌కి వీడియో పంపిస్తా, చూడు."

చూశాను. తెల్ల సోఫాలో కూర్చున్న ఒకావిడ, పువ్వు వాసన చూస్తున్నట్టు గాలి పీల్చి, కొవ్వొత్తి ఆర్పుతున్నట్టు వదలమంది. మా మిల్లు దగ్గర పువ్వులెక్కడివి? చెరుకు మడ్డి, అదే మొలాసిస్ వాసనే పీల్చాను. పెళ్ళాం తిరిగి రాలేదు గానీ, రొమ్ము మాత్రం విశాలమైంది!

ఇంత గొప్ప విద్యను బడికే పరిమితం చేయడం అన్యాయం కాదా? వంతెన దగ్గర వరద కొలబద్ద పీకేసి క్లిప్పు తగిలించండి, ఏ ఏడాదీ ఏరు పొంగదు! ఆసుపత్రి గుమ్మంలో అట్ట పెట్టి, పచ్చ పెట్టని రోగులను ముసలి కుక్కతో కూర్చోబెట్టండి, వార్డులన్నీ ఖాళీ! మా మిల్లు బాయిలర్‌కూ ఒకటి పెట్టండి. పేలినా పచ్చగా పేలుతుంది!

నేనైతే ఇంట్లో ఫ్రిజ్ మీదే అట్ట అంటించాను. నాకో క్లిప్పు, మార్నీకో క్లిప్పు. ఆదివారం పొద్దున పాన్‌కేకులు వేసి, నాది పచ్చ మీద పెట్టాను. మార్నీ తనదీ పచ్చ మీదే పెట్టింది. పెట్టి, నా ముఖంలోకి చూసింది.

"నాన్నా, నిన్ను కూడా కుక్క దగ్గరికి పంపేస్తారని భయమా?"

నా క్లిప్పు తీసి నీలం మీద పెట్టాను. మార్నీ తనదీ తీసి, దాని పక్కనే పెట్టింది.

"నేను అల్లరి చేస్తాననే అమ్మ వెళ్ళిపోయింది కదా?"

"కాదు తల్లీ," అన్నాను. ఆ పై మాట కోసం వీడియో అంతా గుర్తు చేసుకున్నాను. పువ్వు ఉంది, కొవ్వొత్తి ఉంది. ఇది లేదు.

అయ్యా, పై ఆఫీసు వారూ! ఆ ఫలకం మీరే తీసుకుపోండి. నేల మీద చతికిలబడే ఆవిణ్ణి మాకు తిరిగి పంపండి. నీలం ఎక్కడ మిగిలి ఉంటే అక్కడికే ఆవిణ్ణి పంపుతారట కదా? మా ఫ్రిజ్ మీద రెండున్నాయి.