పనిలో పనిగా విప్పిన కారు

శనివారం పొద్దున లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కారు ఎడమ తలుపు అద్దం పైకి రావడం లేదు. అరగంటలో దాని సంగతి చూసి, స్నానం చేసి, పేపరు చదువుకోవాలి.

ఆ కారు వయసు ఇరవై తొమ్మిదేళ్లు. ఎర్రటి స్పోర్ట్స్ కారు, సీట్లు రెండే. పరుగు మానేసి చాలాకాలమైంది కాబట్టి పాత స్కూటరు ధరకే వచ్చింది. పదో తరగతిలో అలాంటి కారు బొమ్మ కత్తిరించి లెక్కల పుస్తకంలో దాచుకున్న మనిషి ఆయన. యాభయ్యో ఏట అదే కారు తన షెడ్డులో నిలబడి ఉంటే మనసు ఆగుతుందా? మూడు నెలల ఆదివారాలు ధారపోసి, మొన్ననే ఇంజను స్టార్టయ్యేలా చేశాడు.

చిక్కల్లా షెడ్డుతోనే. సోమవారం నుంచి అందులో ఆయన భార్య కుట్టుషాపు తెరుస్తోంది. ఇరవై ఏళ్లు పడగ్గది మూలన కూర్చుని కుట్టిన మనిషి, ఇక ఒక్కరోజు కూడా ఆగేలా లేదు.

“రేపు సాయంత్రం ఐదింటికల్లా అది తనంతట తాను నడిచి బయటికి రావాలండీ,” అంది. “రాకపోతే పాతసామాన్లాయన బండి తెచ్చి ఎత్తుకుపోతాడు. చెప్పి ఉంచాను.”

“ఇప్పుడే పెట్టేద్దును. అద్దం లేకుండా బయట పెడితే వానకి లోపలంతా తడిసిపోదూ? అరగంట పని.”

అద్దం చూడాలంటే తలుపు లోపలి అట్ట ఊడదీయాలి. అట్టకి సీటు అడ్డం. సీటు తీసేసరికి మామగారు వచ్చారు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఎవరింట్లో ఏది విప్పుతున్నా ఆయనకి ఎలాగో తెలిసిపోతుంది.

“సీటు ఎలాగూ తీశావు కదా అల్లుడూ, పనిలో పనిగా ఆ తివాచీ కూడా తీసి ఎండలో వెయ్యి. ముక్క వాసన కొడుతోంది.”

తివాచీ కింద ఎలుకలు కొరికిన వైర్లు కనబడ్డాయి. మామగారి ముఖం వెలిగిపోయింది. పనిలో పనిగా వైర్లు మార్చాలన్నారు. వైర్ల కోసం డాష్‌బోర్డు, డాష్‌బోర్డు కోసం స్టీరింగు ఊడొచ్చాయి. మధ్యాహ్నానికి, పనిలో పనిగా, కార్బురేటర్ కూడా శుభ్రం చేస్తే పోలా అనిపించింది. ఈసారి అన్నది మామగారు కాదు, లైబ్రేరియనే.

భార్య గుమ్మంలో కర్టెన్లకి అంచులు కుడుతూ ఇదంతా చూస్తోంది. కుట్టు విప్పే ముందు రెండు ముక్కల మీదా ఒకే గుర్తు పెట్టడం ఆమెకి అలవాటు. అందుకని బయటికొచ్చిన ప్రతి భాగం మీదా, అది ఊడొచ్చిన చోటా, సుద్దతో ఒకే అంకె వేస్తూ పోయింది. అంకెలు చూసిన మామగారు, అల్లుడే జాగ్రత్తగా లెక్క పెట్టుకుంటున్నాడనుకుని రెండు చేతులా పీకడం మొదలుపెట్టారు. లైబ్రేరియన్‌కి మాత్రం అవి మామగారి గీతల్లా కనబడ్డాయి. దేని మీద ఎవరు గీసినా ఆయన ప్రాణం విలవిల్లాడుతుంది. పుస్తకంలో గీత గీసిన వాళ్ల చేత అక్కడే కూర్చోబెట్టి చెరిపించే మనిషి. పెద్దాయన్ని ఏమంటాడు? నోరెత్తకుండా కిరోసిన్ గుడ్డతో ఒక్కో అంకె తుడిచేశాడు. కారు మీదివి కూడా వదల్లేదు.

ఆ తర్వాత తనకి తెలిసిన పద్ధతిలో సామానంతా సర్దాడు.

ఆదివారం పొద్దున, చేతులు కాలాక, మెకానిక్‌ని పిలిచారు. అతను షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు. నేలంతా వరసలు. ప్రతి వరసకీ ఒక చీటీ. చీటీ మీద ఒక అక్షరం.

“ఏంటి సార్ ఇది?”

“అకారాది క్రమం. ఏది కావాలన్నా నిమిషంలో తీసిస్తాను, అడుగు.”

మెకానిక్ ఒక డబ్బాలోంచి బోల్టు తీశాడు. “ఇది ఎక్కడిది సార్?”

“‘బ’లోది.”

“అది కాదు సార్, కార్లో ఎక్కడిదని.”

లైబ్రేరియన్ డబ్బాలోకి చూశాడు. నూట నలభై ఆరు బోల్టులు, అన్నీ ‘బ’లోవే.

“నేను అంకెలు వేశాను కదా,” అంది భార్య.

“అవి నువ్వు వేసినవా?”

“నువ్వు వేసినవి కావా?” అన్నారు మామగారు అల్లుడి వంక చూసి, అప్పుడే ఏదో పనున్నట్టు లేవబోయారు. కూతురు చూసిన చూపుకి మళ్లీ కూర్చున్నారు.

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. “నెల రోజులు పడుతుంది సార్. పాతసామాన్లాయన్నే రానివ్వండి.”

లైబ్రేరియన్ కారు డొల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తనే విప్పాడు, తనే తుడిచాడు. ఎవర్నీ తిట్టుకోవడానికి లేదని బాధపడ్డాడు. భార్య ఆయన్ని కాసేపు చూసి లోపలికెళ్లి, కొలతల పుస్తకం తెచ్చింది.

“సుద్ద చెరిగిపోతుందని ఏ టైలరుకైనా తెలుసండీ. అందుకే పుస్తకంలో కూడా రాస్తాం.”

జాకెట్ల కొలతల తర్వాత పదకొండు పేజీల నిండా కారే ఉంది. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడిది. బోల్టులు కూడా టేపుతో కొలిచి ఉన్నాయి: ‘సీటు కింద, అంగుళమున్నర, నాలుగు.’ ఆమె చివరి పేజీ నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టింది. లైబ్రేరియన్ అక్షరం వెతికి అందించాడు. మెకానిక్ బిగించాడు. మామగారికి టార్చిలైటు పట్టుకునే పని మాత్రమే ఇచ్చారు.

నాలుగూ నలభైకి చివరి బోల్టు బిగిసింది. స్టీరింగు దగ్గర కూర్చుని పుస్తకం చదువుతున్న భార్యే తాళం తిప్పింది. కారు ఒకసారి దగ్గి, గర్జించి, షెడ్డు దాటి ఎండలోకి వచ్చింది. లైబ్రేరియన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కిరోసిన్ పడిందని చెప్పాడు.

“తాళం ఇలా ఇవ్వు, వీధి చివరిదాకా వెళ్లొస్తాను,” అన్నాడు.

ఆమె దిగలేదు. “బట్ట విప్పినవాళ్లదా అండీ, కుట్టినవాళ్లదా?”

మెకానిక్ ఆమె వైపే తలూపాడు. మామగారు కూడా టార్చిలైటు ఆర్పేసి ఆమె వైపే జరిగారు.

సోమవారం షాపు తెరిచారు. కుట్టిన బట్టలు ఇళ్లకి చేర్చడానికి ఎర్ర కారు బాగానే పనికొస్తోంది. లైబ్రేరియన్ బస్సులో వెళ్తున్నాడు. ఆదివారాలు మాత్రం పక్కసీటు ఆయనదే. ఆ సీటు వైపు అద్దం ఇప్పటికీ పైకి రాదు గానీ, ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.