పానకాలు ప్లీడరు గెలిచిన కేసు

ఒక పెద్ద అడవిలో... ఎంత పెద్దదంటారా, ఈ చివర తుమ్మితే ఆ చివర నుంచి ‘చిరంజీవ’ వచ్చేసరికి జలుబే తగ్గిపోయేది. అంత అడవికీ ఒక్కడే ప్లీడరు, ముంగిస పానకాలు. వాడు వాదిస్తే చచ్చిన సాక్షి కూడా లేచొచ్చి మాట మార్చేవాడు. అబద్ధమైతే నా మీసం తీసేయండి!

ఓసారి జెర్రిపోతు కౌజుపిట్టల గుడ్లు మింగి పట్టుబడింది. పుట్టుకతో పగోడే అయినా, దాని తరఫున పానకాలే నిలబడ్డాడు.

“అయ్యా, గుడ్లు చలికి వణుకుతుంటే జాలిపడి కడుపులో పెట్టుకున్నాడండీ మావోడు!”

ఎలుగుబంటి జడ్జీగారు కళ్లు తుడుచుకుని కేసు కొట్టేశారు.

కౌజులు ఏడ్చాయనుకున్నారా? వాటి పెద్ద, నాంచారమ్మ, రెక్కలు టపటపా కొట్టింది.

“ఓర్నాయనో! దొంగకే ఇంత చెప్పాడే, మనకైతే ఇంకెంత చెబుతాడో! ఈసారి ఓటు వీడికే.”

అలా పానకాలు అడవి సభలో మెంబరయ్యాడు. ఎక్కాక మంత్రి పదవి మీద కన్ను పడింది. దానికి అడవిదున్నల అండ కావాలి. ఆ దున్నలేమో కౌజుల పొదల్లోంచి బాట వేస్తామని తీర్మానం పెట్టాయి. పానకాలు కిక్కురుమనలేదు.

“బెల్లం కొట్టిన రాయల్లే కూచున్నావేంటయ్యా?” నాంచారమ్మ నిలదీసింది.

“ఏం చెయ్యను పిన్నీ, నా నోరు కోర్టులో లేచినట్టు సభలో లేవదు.”

“అంతేగదా! నీ నోరు లేచే చోటికే మేమొస్తాం.”

కౌజులన్నీ పట్టపగలే ఉడతల గింజల కొట్టు ఊడ్చేసి, తిన్నగా పోయి కోర్టు బోనెక్కాయి.

“ఇప్పుడు మాట్లాడు నాయనా!”

పానకాలు ఓట్లు లెక్కేసుకున్నాడు. ఇవి జైలుకి పోతే మళ్లీ ఓటేసేదెవరు? కుర్చీ ఏం కాను? నడుం బిగించి లేచాడు.

“అయ్యా, వీటికి బుర్రే లేదండీ! గుడ్లు మింగినోణ్ణి విడిపించింది నేనైతే, పోయి పోయి నాకే ఓటేశాయి. ఇంకేం రుజువు కావాలి? బుర్ర లేనోళ్లకి శిక్షేంటండీ?”

ఆ చప్పట్లకి ఆ ఏడు అడవిలో రెండోసారి ఆకులు రాలాయి.

“నిజమే. కేసు కొట్టేశా,” అన్నారు జడ్జీగారు. పానకాలు మీసం దువ్వాడు.

“ఆగవయ్యా. బుర్ర లేనోళ్ల ఓటు చెల్లదుగా? నీ ఎన్నికా కొట్టేశా.”

“అయ్యయ్యో, వీటికి బుర్ర ఉందండీ!”

“అయితే జైలుకి పంపనా?”

పానకాలు దువ్విన మీసం తనే పీక్కున్నాడు. నాంచారమ్మ మాత్రం పొంగిపోయింది.

“ఎంత బాగా చెప్పావు నాయనా! మళ్లీ నీకే ఓటు!”

అందుకే చెబుతున్నా: ఓటేసినోళ్లకి బుర్ర లేదని లోపల ఎంతైనా అనుకో, రుజువు మాత్రం చెయ్యమాకు.