ఏడో కౌంటరులో హైమవతి

తనను తాను వెతుక్కోవడానికి మున్సిపల్ ఆఫీసు ఏడో కౌంటరుకి వెళ్ళాలన్నా భానుమూర్తికి పెళ్ళాం తోడు కావాలి. బీరువాలో ఎదురుగా ఉన్న బనియను కోసం "హైమా, కనపడట్లేదోయ్" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మనిషి ఆయన. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళజోడు, గొడుగు, ఆధార్ కార్డు, అన్నీ వెతికి చేతికిచ్చింది హైమవతే. అందుకే, రిటైరైన మూడో వారంలో ఐదు రోజుల 'నిన్ను నువ్వు తెలుసుకో' శిబిరం నుంచి తిరిగొచ్చి, "నా అసలు మనిషిని ఎక్కడో పోగొట్టుకున్నానట, తెచ్చుకోవాలి" అన్నప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. సంచిలో మంచినీళ్ళ సీసా, రెండు ఫొటోలు, పెన్ను వేసుకుని బయల్దేరింది. పెన్ను ఆయన తీసుకురాడని తెలుసు.

పోయిన అసలు మనుషుల్ని ఏడో కౌంటరులో దాచి ఉంచుతారు. ఆస్తిపన్ను కౌంటరుకీ, జనన మరణాల కౌంటరుకీ మధ్యన ఉంటుంది. కల్యాణమండపాల్లో, ఇంటర్వ్యూ గదుల బయట, అత్తవారిళ్ళ వంటిళ్ళలో జనం మరిచిపోయి వెళ్ళినవాళ్ళని పారిశుద్ధ్య సిబ్బంది తెచ్చి అప్పగిస్తారు. గడువు ముప్ఫై ఏళ్ళు. ఆలోగా ఎవరూ రాకపోతే, రిజిస్టర్లో తమకంటూ ఎవరూ లేని దరఖాస్తుదారులకి కేటాయిస్తారు. శిబిరాలు ఎక్కువైన దగ్గర్నుంచీ అలాంటి దరఖాస్తులు గుట్టలు పడ్డాయి.

కౌంటరులో ఉన్న దేవకరుణ అనే గుమాస్తా రిజిస్టరంతా వేలు పెట్టి చూసింది.

"మీది పోలేదు సార్."

"పోలేదంటే?"

"మొదట్నుంచీ మీరు మీరే. ఎక్కడా మరిచిపోలేదు."

భానుమూర్తి మొహం చిన్నబోయింది. "అంటే నేను ఇంతేనా?"

"రికార్డు ప్రకారం ఇంతే సార్."

"ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు," అంది హైమవతి, సీసా మూత తీసి ఆయనకి అందిస్తూ.

దేవకరుణ ఇంకో పేజీ తిప్పింది. "ఇదే ఇంటి నంబరు మీద ఒకావిడ ఉన్నారమ్మా. పేరు హైమవతి. పెళ్ళయిన మర్నాడు వంటింట్లో దొరికారు. ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువైపోతుంది."

నిన్న తమ పెళ్ళిరోజని అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ.

ఆవిడని తీసుకొచ్చి ఇనుప జాలీ వెనక కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళది. ముదురెరుపు చీర. పక్కనున్న అటెండరుతో ఏదో చెబుతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా పకపకా నవ్వుతోంది. హైమవతి జాలీ దగ్గరికి నడిచింది. బట్టల కొట్లో రెండో చీర చూపించమని అడగడానికి కూడా మొహమాటపడే మనిషి, జాలీలోంచి వేళ్ళు లోపలికి పోనిచ్చి, "నాదే. నాకిచ్చెయ్యండి," అంది. అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"గుర్తింపు ప్రశ్నలు మూడుంటాయమ్మా. ఒక్కదానికైనా ఇద్దరి జవాబూ కలవాలి," అంది దేవకరుణ. "ఇష్టమైన రంగు?"

"లేత రంగులు. ముదురువి ఆయనకి కళ్ళు పొడుచుకున్నట్టుంటాయి."

"ఎరుపు," అంది లోపలావిడ.

"ఇష్టమైన కూర?"

"పొట్లకాయ. ఆయన బీపీకి మంచిది."

"చేమదుంపల వేపుడు. కారం దట్టించి."

దేవకరుణ రెండు అడ్డగీతలు కొట్టింది. "ఇష్టమైన కాఫీ?"

హైమవతి నోరు తెరిచేలోపే భానుమూర్తి ముందుకొచ్చాడు. "ఇది నన్నడగండి. రెండో డికాక్షన్. ముప్ఫై ఏళ్ళుగా కళ్ళారా చూస్తున్నాను. ఇష్టం లేకుండా ఎవరైనా తాగుతారా?"

ఆ ఇంట్లో మొదట దిగిన చిక్కటి డికాక్షన్ మామగారికీ, మొగుడికీ, వచ్చినవాళ్ళకీ. ఫిల్టర్లో మళ్ళీ వేణ్ణీళ్ళు పోస్తే దిగేది కోడలికి. ఆ సంగతి ఫారంలో రాసే చోటు లేదు.

"మొదటిదే," అంది లోపలావిడ. "రెండోది కాఫీ గిన్నె కడిగిన నీళ్ళు కదా!" అని మళ్ళీ నవ్వింది.

సాక్షి జవాబు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి మూడో గీత పడింది. గోడ గడియారంలో నాలుగూ నలభై.

"ఇంకో దారి లేదా?" అంది హైమవతి. వేళ్ళు ఇంకా జాలీలోనే ఉన్నాయి.

"తొమ్మిదో నంబరు ఫారం ఉందమ్మా. ఎవరివల్ల మీ జవాబులు మారిపోయాయో ఆ మనిషి ఇక్కడ నిలబడి, 'తప్పు నాది' అని పైకి చెప్పాలి. అంతే." దేవకరుణ సొరుగు అడుగునుంచి కట్ట తీసి దుమ్ము దులిపింది. గుండుసూది తుప్పు పట్టి ఉంది. ఒక్క కాగితమూ ఇంతవరకూ ఎవరూ తీసుకోలేదు.

భానుమూర్తి గొంతు సవరించుకున్నాడు. "పొరపాట్లు ఎవరింట్లో ఉండవండీ..."

"అది చెల్లదు సార్."

"మా అమ్మ బతికున్న రోజుల్లో పద్ధతులు..."

"ఆవిడ లేరు కదా సార్. మీరే చెప్పాలి."

"చెప్పెయ్యండి మాస్టారూ, రెండు ముక్కలే కదా!" అన్నాడు క్యూలో వెనకాయన. "నాకు బస్సు పోతోంది."

భానుమూర్తి ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. చొక్కా వీపంతా తడిసింది. ఐదింటికి మూడు నిమిషాలుండగా ఆయన మొహం వెలిగింది. "ఏవమ్మా, రిజిస్టర్లో నాకెలాగూ ఎవరూ లేరన్నారుగా! ఆవిడని నాకే కేటాయిస్తే పోలా? ఎలాగూ మా ఇంటికే కదా వచ్చేది!"

రూలు వెతికితే దొరికింది. ఒకే రేషన్ కార్డు మీద ఉన్నవారికి మొదటి ప్రాధాన్యం. సొంతదారుకి అభ్యంతరం ఉండకూడదు.

అందరూ హైమవతి వైపు చూశారు. ఆమె మొగుడి తడిసిన చొక్కా వైపు చూసింది. మధ్యాహ్నం మాత్ర వేసుకోలేదని గుర్తొచ్చింది. తలూపింది. జాలీ వెనక నవ్వు ఆగిపోయింది. 'అభ్యంతరం లేదు' అన్న చోట ఆమె, 'దరఖాస్తుదారు' అన్న చోట ఆయన సంతకాలు పెట్టారు. పెన్ను ఆమెదే.

లోపలావిడని జాగ్రత్తగా మడతపెట్టి, పాత పేపర్లో చుట్టి ఇచ్చారు. మర్నాడు స్నానం చేసి ఆవిడని బనియను లోపల తొడుక్కున్నాడు భానుమూర్తి. కొలత కాస్త బిగుతు, వారానికి సర్దుకుంది.

నెల తిరిగేసరికి ఆయన ఎరుపు లాల్చీలు కొనుక్కున్నాడు. వారానికి రెండుసార్లు చేమదుంపల వేపుడు. చేతులకి జిగురూ దురదా హైమవతికి. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళతోనూ పకపకా నవ్వుతున్నాడు. "రిటైరయ్యాక మూర్తిగారు తనని తాను కనుక్కున్నారండీ! మీరు అదృష్టవంతులు," అంటోంది పక్క ఫ్లాటావిడ. శిబిరం వాళ్ళు పిలిచి 'నీలా నువ్వు బతుకు' అన్న అంశం మీద మాట్లాడించారు. హైమవతి మూడో వరసలో కూర్చుని వింది. మాటలు బాగున్నాయి. ఎక్కడో విన్నట్టే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్న పేపరు చదువుతూ భానుమూర్తి పొరపాటున ఆమె గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు.

"ఏమిటోయ్ ఇది? గిన్నె కడిగిన నీళ్ళలా ఉంది!"

"రెండో డికాక్షనండీ. అది నాది."

"రోజూ ఇదేనా నువ్వు తాగేది? ముప్ఫై ఏళ్ళుగా?"

"నాకిష్టమని మీరే కదా చెప్పారు, రిజిస్టర్లో కూడా ఎక్కింది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. గొంతు సవరించుకోలేదు. వాళ్ళమ్మని తలుచుకోలేదు. "తప్పు నాది హైమా," అన్నాడు. "ఆ రోజు కౌంటరు దగ్గరా నాదే. అంతకుముందూ నాదే."

ఎక్కడా తడబడకుండా, మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా అన్నాడు. ఆ తేలికని హైమవతి గుర్తుపట్టింది. ఇరవై రెండేళ్ళప్పుడు తప్పు చేస్తే తను అలాగే ఒప్పేసుకుని నవ్వేసేది. ఆ మాట అనడానికి కావలసిన మనిషి ఇప్పుడు ఆయన దగ్గర ఉంది మరి.

"పోన్లెండి. ఫైలు మూసేశారు," అని ఆమె తన గ్లాసు తీసుకుని మిగిలింది నిదానంగా తాగింది. పల్చగా, ఎప్పటిలాగే ఉంది.

"నిజం చెప్పొద్దూ," అంది, "ఆ రోజు లోపలావిడ చెప్పిందే తప్పండీ. నాకిప్పుడు ఇదే ఇష్టం."