కర్త కావలెను

మన భాషలోని క్రియాపదాల వల్ల ప్రభుత్వ పనులు కుంటుపడుతున్నాయనీ, వాటిని వెంటనే సంస్కరిస్తామనీ మా శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు హాలు హాలంతా చప్పట్లతో మారుమోగింది. మొదట చప్పట్లు కొట్టింది నేనే. మంత్రిగారి పేషీలో క్లార్కుగా అది నా విధుల్లో ఒకటి. అయినా ఆ రోజు మాత్రం మనసారా కొట్టాను. రోడ్లు బాగుచేస్తామన్న మంత్రుల్ని చాలామందిని చూశాను గానీ, వ్యాకరణాన్నే బాగుచేస్తానన్న మహానుభావుణ్ణి చూడటం అదే మొదలు.

దీనికంతటికీ మూలం బాలికల పాఠశాల ప్రహరీ గోడ. మా అమ్మాయి చదివే బడి అది. కట్టిన కొత్తలోనే ఒక ఆదివారం మధ్యాహ్నం గోడ మొత్తం వీధిలోకి వాలి పడుకుంది. ఆదివారం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. సోమవారం అయ్యుంటే అన్న ఆలోచన వస్తే నేనిప్పటికీ లేచి వెళ్ళి మా అమ్మాయిని ఓసారి చూసొస్తాను.

ఆ గోడ కట్టిన కంట్రాక్టరు మంత్రిగారికి తోడల్లుడు. దగ్గరుండి చూసిన ఇంజినీరు నాకు బావమరిది, అంటే మా ఆవిడకు సొంత తమ్ముడు. కడుతున్నప్పుడే వాడు "దీనికి పునాది లేదు, పడిపోతుంది" అని నలుగురి ముందూ అన్నాడు. గోడ పడిపోతుందని ముందుగా తెలిసిన మనిషి ఊరు మొత్తానికి వాడొక్కడే కాబట్టి, సహజంగానే అనుమానం వాడి మీదికి మళ్ళింది. సస్పెండయ్యాడు.

అప్పటి నుంచి మకాం మా ఇంట్లోనే. పని లేని ఇంజినీరు ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు. మంచం కోళ్ళు సమానంగా లేవని కోశాడు. కిటికీ రెక్కలు ఊడదీసి మళ్ళీ బిగించాడు. మా మెట్లు ఎడమ పక్కకు ఒరిగాయని నీళ్ళు పోసి మరీ నిరూపించాడు. మా ఆవిడది రోజూ ఒకటే పాట.

"ఏమండీ, మా తమ్ముడి సంగతి ఏమైంది?"

"విచారణ జరుగుతోంది."

"ఎవరు జరుపుతున్నారు?"

"జరుగుతోందంతే."

"మీ ఆఫీసులో అన్నీ వాటంతటవే జరుగుతాయి కాబోలు," అంది.

నాకు ఒళ్ళు మండింది గానీ, మంత్రిగారి ఆలోచన కూడా సరిగ్గా ఆ దారినే నడుస్తోందని తర్వాత తెలిసింది.

విచారణ నివేదిక రాయడానికి కూర్చుంటే ప్రతి వాక్యమూ తిన్నగా మంత్రిగారి తోడల్లుడి గుమ్మం దాకా వెళ్ళి ఆగుతోంది. ఎంతమంది రాసినా అంతే. అందుకని ఒక పండితుడి అధ్యక్షతన క్రియా సంస్కరణ కమిటీని వేశారు. మొదటి సమావేశానికి ఫైళ్ళు మోసుకెళ్ళే భాగ్యం నాకు దక్కింది.

"అసలు చిక్కు ఎక్కడుందండీ?" అని అడిగారు మంత్రిగారు.

"తోకలో ఉందండి," అన్నాడు పండితుడు. "మన క్రియకు చివర తోక ఉంటుంది. చేశాను అంటే నేను. చేశాడు అంటే వాడు. చేశారు అంటే తమరు. కర్తను ఎంత దాచినా ఆ తోక పట్టుకుని లాగితే బయటికొస్తాడు."

మంత్రిగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. "మరి ఇంగ్లీషువాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?"

"వాళ్ళకా తోక లేదండి. ఐ డిడ్, యూ డిడ్, హీ డిడ్. ఎవరు చేసినా డిడ్డే. కాకపోతే కర్తను ముందే చెప్పి తీరాలి. మనకైతే చెప్పకపోయినా చెల్లుతుంది."

"అయితే ఇంకేం? కర్తను చెప్పకపోవడం మన దగ్గర్నుంచి తీసుకోండి. తోక లేకపోవడం వాళ్ళ దగ్గర్నుంచి తీసుకోండి. రెండూ కలిపెయ్యండి."

పండితుడు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. జన్మంతా వ్యాకరణం నమిలినా తనకు తట్టని సంగతి మంత్రిగారికి ఇట్టే తట్టిందని ఆయన తర్వాత నాతో వరండాలో అన్నాడు.

సంస్కరణ అంటే పరిశోధన ఉండాలి కదా. కమిటీ విదేశాలకు వెళ్ళింది, మంత్రిగారు తోడు వెళ్ళారు. ఒక దేశంలో క్రియ వాక్యం మొదట్లోనే వస్తుందని కనుక్కున్నారు. ఏం చేశారో ముందే చెప్పేస్తే ఇక ఉపన్యాసం ఎవరు వింటారని, ఆ పద్ధతిని అక్కడికక్కడే తోసిపుచ్చారు. మరో దేశంలో కళ్ళారా చూసినదానికి ఒక రకం క్రియ, ఎవరో చెప్పగా విన్నదానికి ఇంకో రకం క్రియ ఉన్నాయి. మంత్రిగారు ముచ్చటపడి ఆ దేశంలో ఇంకో వారం ఉండిపోయారు. తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కాక పండితుడు, "మనకూ 'అట' ఉందిగదండీ," అని గుర్తుచేశాడట. ముందే చెప్పనందుకు మంత్రిగారు కోప్పడలేదు. అంత సహనం నేనెక్కడా చూడలేదు.

అసలైన నిధి మాత్రం ఇంట్లోనే దొరికింది. మన భాషలో చేసిన పనికి తోక ఉంది గానీ, చేయని పనికి లేదు. నేను చేయలేదు, నువ్వు చేయలేదు, వారు చేయలేదు. అందరికీ ఒకటే మాట.

"పెద్దవాళ్ళు ఎంత ముందుచూపుతో కట్టారయ్యా ఈ భాషని," అని మంత్రిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నివేదిక సిద్ధమైంది. "గోడ కూలిందట. పునాది వేయలేదు. విచారం వ్యక్తమైంది. చర్య తీసుకోవడం జరిగింది." ఎటు తిప్పి చూసినా ఎక్కడా మనిషి జాడ లేదు. టైపు చేస్తున్నప్పుడు నాకే ఆ గోడ మీద జాలి వేసింది.

అంతా అయిపోయిందనుకుంటుండగా కంప్యూటరు అడ్డుపడింది. నివేదికను ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించాలి. అందులో "చేసినవారు" అని ఒక గడి, దాని పక్కన ఎర్ర నక్షత్రం. అది ఖాళీగా వదిలేస్తే ముందుకు కదలదు. చుక్క పెట్టి చూశారు, గీత పెట్టి చూశారు, "దైవం" అని కూడా కొట్టి చూశారు. ఉద్యోగి నంబరు వెయ్యమంది.

"దానికి కావాల్సింది ఒక మనిషే కదా," అన్నారు మంత్రిగారు. "ఒక మనిషిని పెట్టెయ్యండి. శాఖలో ఎవరు ఏం చేసినా, అతనే చేసినట్టు."

ఆ విధంగా ప్రపంచంలోనే మొట్టమొదటి ప్రభుత్వ కర్త పోస్టు మా శాఖలో పుట్టింది. అర్హత గురించి శాఖ కార్యదర్శిగారు చాలా జాగ్రత్తపడ్డారు. కర్త అనేవాడు నిజంగా ఏ పనీ చేసినవాడు కాకూడదు. చేసినవాణ్ణి పెడితే లెక్కలు కలగాపులగం అవుతాయి.

ఆయన నన్ను పిలిచి, "మీ బావమరిది ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగారు.

"ఏమీ చేయడం లేదండి."

"సరిపోతాడు," అన్నారు.

ఇంటికొచ్చి చెబితే వాడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు.

"అంటే బావా, నేను చేయనివన్నీ చేశానని ఒప్పుకోవాలా?"

"ఒప్పుకోవడం కాదోయ్. కర్తగా ఉండటం. క్రియలన్నీ వాళ్ళే చూసుకుంటారు."

"ఒరే, ముందు ఉద్యోగంలో చేరు," అంది మా ఆవిడ. "మిగతాది తర్వాత చూసుకుందువుగాని. ఇంకో వారం ఉంటే మా ఇల్లు మిగిలేలా లేదు."

వాడు స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకున్నాడు. "చేరితే బడి దగ్గర కొత్త గోడ కడుతున్న చోటికి వెళ్ళనిస్తారా?"

కొత్త గోడ కూడా ఆ తోడల్లుడే కడుతున్నాడు. అనుభవజ్ఞుడు కదా. కార్యదర్శిగారిని అడిగాను. వెళ్ళచ్చు గానీ నోరు తెరవకూడదు, నోరు తెరిస్తే మళ్ళీ సస్పెన్షనే అన్నారు. వాడు చేరాడు.

కర్తగారికి గది, బల్ల, ఫ్యాను ఇచ్చారు. పొద్దున్నే ప్యూను తయారైన వాక్యాలు తెచ్చి ముందు పెడతాడు, సంతకం పెడితే చాలు. కుర్చీలోంచి లేవకుండానే మా బావమరిది ఒక్క పూటలో నాలుగు రోడ్లు తవ్వి పూడ్చకుండా వదిలేశాడు. రెండు ఆస్పత్రుల్లో మందులు కాలం చెల్లేదాకా దాచిపెట్టాడు. ఒక చెరువు మాయం చేశాడు. అంత సమర్థుణ్ణి ఇన్నాళ్ళూ ఖాళీగా కూర్చోబెట్టామే అని ఆఫీసంతా బాధపడింది.

మా వీధికి నీళ్ళు రాని రోజున మా ఆవిడ ఖాళీ బిందె పట్టుకుని వాడి ముందు నిలబడింది.

"ఏరా, నీళ్ళు ఆపింది నువ్వేనట?"

"అవునక్కా. భోజనానికి ముందే సంతకం పెట్టాను."

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ పూట కంచం ముందు కూర్చుని సగంలో లేచిపోయాడు. సాయంత్రం కాగానే బడి వైపు వెళ్ళేవాడు. గోడ చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఏమైందని అడిగితే, "నోరు తెరవకూడదు కదా బావా," అనేవాడు.

కొత్త గోడ ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. "ఈ గోడను గౌరవ మంత్రిగారు స్వయంగా కట్టించారు" అని శిలాఫలకం మీద చెక్కించారు. తోక సంగతేమిటని నేను పండితుణ్ణి గుసగుసగా అడిగాను. మంచి పనులకు తోక తిరిగి తగిలించుకోవచ్చని కమిటీ ఒక మినహాయింపు ఇచ్చిందట.

ఎండ మండిపోతోంది. నీడ ఉందని పిల్లల్ని గోడ పొడుగునా వరసలుగా నిలబెట్టారు. మా అమ్మాయి మూడో వరసలో ఉంది. మంత్రిగారు ప్రసంగం అందుకున్నారు. అప్పుడు మా బావమరిది జనంలోంచి మెల్లగా నడిచి వెళ్ళి మేనకోడలి చెయ్యి పట్టుకున్నాడు. వీధి దాటించి, అవతల సైకిలు షాపు పక్కన మండుటెండలో నిలబెట్టి, తనూ పక్కనే నిలబడ్డాడు. గోడ గురించి ఒక్క మాట కూడా అనలేదు.

"ఎందుకు మామయ్యా?" అని అది అడగడం నాకు వినిపించింది.

"ఊరికే."

వాడు ఇంజినీరని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక తల్లి వచ్చి తన కూతుర్ని తీసుకెళ్ళింది. ఇంకో తల్లి వచ్చింది. పెద్ద టీచరమ్మ వాడి వైపు ఓసారి, గోడ వైపు ఓసారి చూసి, మిగతా పిల్లలందర్నీ వీధి దాటించింది. బ్యాండువాళ్ళు వాయిస్తూనే వెళ్ళిపోయారు. నేనెప్పుడు దాటానో నాకే తెలియదు. మంత్రిగారు గోడ దృఢత్వం గురించి చెబుతూ, ఆ మాట తెగకుండా, మైకు వైరు ఎంతవరకూ వస్తే అంతవరకూ వెనక్కి నడిచి వచ్చారు. తోడల్లుడు ఆయనకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు.

సాయంత్రం షామియానా విప్పుకుని మనుషులు వెళ్ళిపోయాక గోడ కూలింది. ఫలకం కూడా దాంతోపాటే పోయింది. కబురు విని నేను మా అమ్మాయిని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మర్నాడు పోర్టల్‌లో రెండు వాక్యాలు ఎక్కాయి. గోడను కూల్చినవారు, మా బావమరిది. పిల్లలను సమయానికి తప్పించి కాపాడినవారు, గౌరవ మంత్రిగారు. పేపర్లు కూడా అలాగే రాశాయి.

"బావా, ఈ రెండిట్లో ఒకటి నేనే చేశాను," అన్నాడు వాడు సంతకం పెడుతూ.

"తెలుసులేవోయ్," అన్నాను.

కానీ మంత్రిగారు గుణగ్రాహి. ఆ రోజు నుంచి ఏ ప్రారంభోత్సవానికైనా ముందు కారులో మా బావమరిదిని పంపించడం మొదలుపెట్టారు. వాడు దిగి ఎక్కడ నిలబడితే వేదిక అక్కడ వేస్తారు. ఒక ఆస్పత్రి భవనానికి వేదిక ఎదురుగా ఉన్న బస్టాండులో వేశారు. ఒక నీళ్ళ ట్యాంకుకు పక్క ఊళ్ళో వేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నిన్న నది మీద కొత్త వంతెన ప్రారంభం. వాడు ముందు కారులో వెళ్ళాడు, వంతెన కింద దిగి స్తంభాల దగ్గర తిరిగాడు, పైకొచ్చి ఒడ్డునే నిలబడిపోయాడు. ఆ కబురు అందగానే మంత్రిగారికి నలతగా అనిపించింది. తమ ఇంట్లో సోఫాలోంచే బటన్ నొక్కి వంతెనను ప్రజలకు అంకితం చేశారు. ప్రజలకు ఆ నలత సంగతి చెప్పలేదు. బస్సులు బయల్దేరాయి.

పేషీలో నా బల్ల మీది ఫోను మోగింది. కార్యదర్శిగారు.

"మీ బావమరిది వంతెన మొదట్లో చేతులు చాపి నిలబడి అరుస్తున్నాడట. ఏం చేస్తున్నాడతను?"

"బస్సులు ఆపుతున్నాడండి."

"ఎవరు ఆపమన్నారు?"

"ఎవరూ అనలేదండి. వాడే ఆపుతున్నాడు."

"అలాంటివి కర్త ఉద్యోగంలో లేవు. నోరు తెరిస్తే ఏమవుతుందో ముందే చెప్పాను. సస్పెన్షన్ ఆర్డరు మీద సంతకం పెట్టేశాను, మనిషికిచ్చి పంపుతున్నాను."

"చిత్తమండి," అన్నాను.

ఆయన ఫోను పెట్టెయ్యలేదు. గొంతు బాగా తగ్గించి అడిగారు.

"ఆపిన బస్సుల్లో పసుపుపచ్చ స్కూలు బస్సు ఉందా?"

"కనుక్కుంటానండి."

"కనుక్కోండి. మా అబ్బాయి దాంట్లో వస్తాడు. అది వెనక్కి తిరిగేదాకా ఆర్డరు మీ బావమరిది చేతికివ్వద్దని ఆ మనిషికి చెప్పండి."