వేలు గారి హాస్యానికి అనుమతి

దేశం స్వతంత్రమైందనడానికి జెండా ఒక్కటే చాలదు. తన ఫుట్‌బాల్ జట్టును తానే వెక్కిరించుకోగలగాలి. ఫిజీలో ఈ రెండో బాధ్యతను, జెండా ఎగిరిన ఏడాదే, వునిమోలి వాసి వేలు గారు నెత్తికెత్తుకున్నారు. (ఎవరూ అప్పగించలేదు.) వారం వారం పత్రికలో ఆటల మీద వెటకారం రాసేవారు. అందులో జిల్లా అంతా కంఠతా పట్టిన వాక్యం ఇది: "మా గోల్‌కీపర్ పెద్దన్న చేతిలోంచి జారనిది యాంగోనా చిప్ప ఒక్కటే." (పెద్దన్న అనేది పేరే, వరస కాదు. యాంగోనా అంటే వేళ్లు దంచి నీళ్లలో కలిపి, కొబ్బరిచిప్పతో తాగే మా మత్తు పానీయం.)

పత్రికలో రాసేవాడికి ఒక శాపముంది. జనం ఎవరింట్లో వాళ్లు నవ్వుకుంటారు, అతనికి వినబడదు. ముసలితనంలో వేలు గారికి మిగిలిన కోరిక ఒక్కటే: ఆ వాక్యానికి హాలు నిండా జనం నవ్వుతుంటే చెవులారా వినాలి. అందుకే రాజధాని సువాలోని క్రీడాహాస్య చలనచిత్రీకరణ ఉపసంఘం ఆ రాతల మీద సినిమా తీస్తానంటే ఎగిరి గంతేశారు. పాపం!

ఉపసంఘం నియమం ప్రకారం, వెక్కిరింతకు గురైన ప్రతివారి ఇంటికీ యాంగోనా వేళ్లకట్ట తీసుకెళ్లి, చాప మీద కూర్చుని అనుమతి కోరాలి. మన ఫిజీలో కట్ట అందుకున్నవాడు కాదనడు. కాకపోతే, దంచి కలిపిన గిన్నె ఖాళీ అయ్యేలోపు ఓ చిన్న మాట అడుగుతాడు. రిఫరీ తనకు చూపు బాగానే ఉన్నట్టు చూపించమన్నాడు. ఓడిన జట్టు కోచ్ గెలిపించమన్నాడు. గెలిచిన కోచ్ కూడా అదే అడిగాడు. (ఉపసంఘం ఇద్దరినీ గెలిపించింది.)

చివరికి పెద్దన్న ఇల్లు. ఉపసంఘం అధ్యక్షులు రామ్ ప్రసాద్ గారు, వేలు గారిని పక్కన కూర్చోబెట్టుకుని, కట్ట ముందుంచారు. పెద్దన్న తన చిప్ప ఖాళీ చేసి, మళ్లీ నింపించుకున్నాడు.

"అరే వేలు భయ్యా, నువ్వు రాసింది సచ్ బాత్. కానీ సినిమా నా మనవరాలు చూస్తాది. ఆ చిప్ప తీసెయ్."

వేలు గారి ప్రాణం ఉసూరుమంది. "చిప్ప తీస్తే ఇంకేముంటాది, పెద్దన్నా?"

"బంతి ఉంటాది కదా. నేను పట్టుకుంటా."

కాదందామంటే, అప్పటికే వేలు గారి చేతిలో పెద్దన్న ఇచ్చిన చిప్ప ఉంది. ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి తాగేశారు; తాగితే ఒప్పుకున్నట్టే. మర్యాద అలాంటిది.

సినిమా విడుదలైంది. అందులో అందరూ గెలిచారు. ఎవరి చేతిలోంచీ ఏదీ జారలేదు. హాలు సంతాపసభలా కూర్చుంది. భార్య రుక్మిణి మోచేత్తో పొడిచింది.

"ఏమయ్యా, నవ్వేది ఎప్పుడు వస్తాది?"

"జరా ఆగు," అన్నారు వేలు గారు, ఆశ చావక.

చివర తెర మీద పేర్లు పడ్డాయి. 'హాస్యం: వేలు' అని రాగానే హాలంతా పగలబడి నవ్వింది.

రచయిత కోరిక నెరవేరినట్టు ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.